వోలుబిలిస్, మొరాకో: గైడ్‌ని మాట్లాడుకునే లోపలికెళ్ళండి

రేటింగ్ 4/5. వోలుబిలిస్ అంటే మెక్నెస్ నగరం దగ్గరున్న పాత రోమన్ ఊరి శిథిలాలు. మెక్నెస్ దాకా వెళ్ళినవాళ్ళు ఇది చూడకుండా రావద్దు, గేటు దగ్గర గైడ్‌ని మాట్లాడుకోండి, ఆ ఖర్చుకి మాత్రం వెనకాడొద్దు. బోర్డులు ఉన్నాయి గానీ వాటిలో రెండు ముక్కలే, అవి చదువుకుంటూ పోతే స్తంభాల దగ్గర ఫోటోలు దిగి గంటలో బయటికొచ్చేస్తారు.

మా గైడ్‌లో నాకు బాగా నచ్చిందేంటంటే, కథని రోమన్లతో మొదలుపెట్టలేదు, బెర్బర్ (ఉత్తర ఆఫ్రికా మూలవాసులు) రాజులతో మొదలుపెట్టాడు. రెండో జూబా అని ఒక రాజు, చిన్నప్పుడే రోమ్‌కి తీసుకెళ్తే అక్కడే పెరిగాడు, ఆయన భార్య ఎవరో కాదు ఈజిప్టు క్లియోపాత్రా కూతురే, వాళ్ళబ్బాయి టాలెమీని చక్రవర్తి కలిగులా చంపించేశాక రాజ్యం మొత్తం రోమ్ చేతికి పోయింది. 285 ప్రాంతంలో రోమన్ల పాలన పోయింది గానీ ఊరు మాత్రం ఖాళీ అవ్వలేదు, 7వ శతాబ్దంలో కూడా ఇక్కడి జనం సమాధుల మీద లాటిన్‌లోనే రాయించుకున్నారట! తర్వాత మొరాకోలో ఇద్రిసీ వంశం మొదలుపెట్టిన ఇద్రిస్‌ని ఆదరించింది కూడా ఇక్కడి బెర్బర్ తెగే.

అందరూ 217 నాటి, రోమన్ చక్రవర్తి కారకల్లా పేరున్న ఆర్చ్ దగ్గర ఆగుతారు, బాగుంటుంది, కానీ అది 1930లలో మళ్ళీ నిలబెట్టింది. నన్నడిగితే నూనె గానుగల దగ్గర ఎక్కువసేపు ఉండండి. ఈ ఊళ్ళో 50కి పైగా బయటపడ్డాయి, పెద్ద పెద్ద ఇళ్ళల్లోనే గానుగలు పెట్టుకున్నారు, ఆ ఆలివ్ నూనె డబ్బే ఆ మొజాయిక్ నేలలన్నీ (రంగురాళ్ళ ముక్కలు పొదిగి బొమ్మలు వేసినవి) వేయించింది. చుట్టూ ఇప్పటికీ ఆలివ్ తోటలే.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే మొజాయిక్‌ల వల్ల. ఆర్ఫియస్ ఇల్లు అని పిలిచే ఇంట్లోవి, స్నానం చేస్తున్న రోమన్ దేవత డయానా బొమ్మ, అన్నీ ఎండకీ వానకీ అలా వదిలేశారు, పైన కప్పు లేదు, చుట్టూ తాడు మాత్రం కట్టారు, రంగులు వెలిసిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. 1997 నుంచి యునెస్కో లిస్టులో ఉన్న చోటు కదా, ఇంకొంచెం జాగ్రత్త పడాలి.

నీడ అస్సలు లేదు, టోపీ, నీళ్ళు ఉండాల్సిందే, కుదిరితే సాయంత్రం పూట వెళ్ళండి. ఇక్కడ దొరికిన జూబా కంచు తల మాత్రం రాజధాని రబాత్ మ్యూజియంలో ఉంది, అటు వెళ్తే అదీ చూడండి.