నీళ్ళు మరిగాయని కెటిల్‌కు ఎలా తెలుస్తుంది? 1.5 లీటర్ల స్టీలు కెటిల్ రివ్యూ

కెటిల్ కొనేటప్పుడు అందరూ వాట్లు, లీటర్లు, స్టీలు మెరుపు చూస్తారు. ఈసారి మూత తెరిచి, లోపల పై అంచు దగ్గర, పిడి వైపు ఒకసారి చూడండి. చిన్న రంధ్రమో సన్నటి చీలికో కనిపిస్తుంది. నీళ్ళు మరగగానే స్విచ్ తనంతట తాను పడిపోయేది దాని వల్లే. స్ట్రిక్స్ కంపెనీ కంట్రోల్ (నీళ్ళు మరగగానే కెటిల్‌ను ఆపే స్విచ్ భాగం) అమర్చిన 1.5 లీటర్ల, 1500 వాట్ల స్టీలు కెటిల్ మంచిచెడ్డలు చాలావరకు ఆ రంధ్రంతోనే ముడిపడి ఉన్నాయి.

కరెంటుతో నీళ్ళు కాచడం పాత విద్యే. లోహపు గొట్టంలో కాయిల్ పెట్టి నీళ్ళలోనే ముంచే పద్ధతిని 1922లోనే బ్రిటన్‌లో ఆర్థర్ లెస్లీ లార్జ్ కనిపెట్టాడు. కష్టమంతా నీళ్ళు మరిగాయని పసిగట్టడంలో ఉంది. 100 డిగ్రీలకు ఆగిపోయేలా థర్మోస్టాట్ పెడదామంటే కుదరదు. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అరకులో ఇంకాస్త తక్కువకే. అక్కడ ఆ థర్మోస్టాట్ నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా ఆపదు. పోనీ 95కు పెడితే విశాఖ బీచ్ రోడ్డులో మరగకముందే ఆపేస్తుంది. 1955లో బిల్ రస్సెల్, పీటర్ హాబ్స్ తమ కె1 కెటిల్‌లో ఈ చిక్కు విప్పారు. నీళ్ళ వేడిని కొలవడం మానేసి, మూతలోని రంధ్రం గుండా ఆవిరిని వెనకనున్న జంటలోహపు పట్టీ మీదికి మళ్ళించారు. ఏ ఊళ్ళో అయినా ఆవిరి జోరుగా తన్నుకొచ్చేది మరిగినప్పుడే కదా!

ఆ జంటలోహపు పట్టీ మూలం ఇంకా వెనక్కి, పద్దెనిమిదో శతాబ్దానికి పోతుంది. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహపు రేకులను కలిపి అతికితే, వేడి తగలగానే ఒక పక్కకు వంగుతాయి. ఓడల్లో వాడే గడియారం ఎండకూ చలికీ తప్పు సమయం చూపకూడదని ఇంగ్లండ్ గడియారాల నిపుణుడు జాన్ హారిసన్ ఈ కిటుకును తన మూడో సముద్ర గడియారంలో వాడాడు. అయితే మెల్లగా వంగే పట్టీ స్విచ్‌లో పనికిరాదు. కాంటాక్టులు నెమ్మదిగా విడిపోతే మధ్యలో నిప్పురవ్వలు లేచి కొసలు కాలిపోతాయి. స్ట్రిక్స్‌ను నిలబెట్టిన జాన్ టేలర్ పనితనం ఇక్కడే ఉంది. కొద్దిగా ఉబ్బెత్తుగా ఒత్తిన ఆయన రేకు వేడెక్కేదాకా కదలకుండా ఉండి, ఒక్కసారిగా టక్కున తిరగబడుతుంది. కెటిల్ ఆగేటప్పుడు వినిపించే 'టక్' ఆ తిరగబాటుదే. కేంబ్రిడ్జ్‌లోని కార్పస్ క్రిస్టీ కాలేజీ గోడకు 2008లో అమర్చిన పెద్ద గడియారం కూడా ఆయన చేయించిందే. దాని మీద పాకే మిడత రూపం, గడియారం నడకను అదుపు చేయడానికి హారిసన్ కనిపెట్టిన 'మిడత' యంత్రాంగానికి నివాళి. కెటిల్ రేకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్ళకు ఆ గడియారం మరింత అందంగా కనిపిస్తుంది.

ఇక పనితీరు. 27 డిగ్రీల నీళ్ళు లీటరున్నర మరగడానికి లెక్క ప్రకారం అయిదు నిమిషాల పైచిలుకు పడుతుంది. పాత్రకు, గాలికి పోయే వేడి కూడా కలిపితే అయిదున్నర నుంచి ఆరు. ఖర్చు 0.14 యూనిట్ దగ్గర, అంటే యూనిట్‌కు ఏడు కెటిళ్ళు. సాయంత్రం వోల్టేజీ 200కు పడిపోయే ఊళ్ళలో 1500 వాట్లు కాస్తా 1130కి దిగుతాయి, అప్పుడు ఏడు నిమిషాలు దాటినా కెటిల్‌లో లోపమేమీ లేదు. 230 వోల్టుల దగ్గర ఇది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి ఫ్రిజ్‌కో గీజర్‌కో వాడే 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే ముందు వేడెక్కేది ప్లగ్గే.

నీళ్ళు తెర్లుతున్నా ఆగడం లేదన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు కారణం మూత సరిగ్గా పడకపోవడమే. ఆవిరి పైనుంచే పోతుంటే రంధ్రంలోకి చేరదు. కొత్త కెటిల్‌ను అరలీటరుతో పరీక్షించండి. తెర్లడం మొదలయ్యాక పదిహేను, ఇరవై సెకన్లలో 'టక్' వినిపించాలి. అంతకు మించి సాగదీస్తే మూత కీలు వదులుగా ఉందేమో చూసి, వెంటనే మార్చుకోండి.

అమీర్‌పేట హాస్టళ్ళలో ఈ కెటిళ్ళలోనే పాలు, మ్యాగీ, గుడ్లు అన్నీ ఉడుకుతాయి. గుడ్లతో ఇబ్బంది తక్కువ, పెంకు పగిలితే తప్ప. పాలు మాత్రం వద్దు. అడుగున మీగడలా అంటుకుని మాడతాయి, ఆ పొర వేడిని పైకి పోనివ్వదు. దాంతో అడుగు ప్లేటు కింద, ఖాళీ కెటిల్ కాలిపోకుండా రక్షణగా ఉన్న మరో రేకు నీళ్ళు లేవనుకుని మధ్యలోనే ఆపేస్తుంది. పొంగిన నురగ ఆవిరి దారిలోకి దూరి ఎండిపోతే, తర్వాత నీళ్ళు పెట్టినా స్విచ్ పడదు. అక్కడికి బ్రష్ చేరదు. మ్యాగీ గంజి చేసే పని కూడా ఇదే. ఖాళీ కెటిల్ ఆన్ అయి ఆగిపోతే చన్నీళ్ళు గుమ్మరించకండి. పీఠం మీంచి దించి, చల్లారాక మళ్ళీ పెడితే పనిచేస్తుంది.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో అడుగున సున్నం కట్టడం తప్పదు. కాచే సమయం పెరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది. లీటరు నీళ్ళకు రెండు టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు వేసి, వేడెక్కాక ఆపి, అరగంట ఉంచి పారబోయండి. తర్వాత మామూలు నీళ్ళు ఒకసారి కాచి వదిలేయాలి. తుప్పులా కనిపించే గోధుమరంగు చుక్కలు చాలాసార్లు నీళ్ళలోని ఇనుమే, దీంతో పోతాయి. స్టీలు పీచుతో రుద్దితే మాత్రం నిజమైన తుప్పుకు దారి ఇచ్చినట్టే.

ఒంటి గోడ స్టీలు కెటిల్ బయట చెయ్యి కాలుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే పైన ప్లాస్టిక్ తొడుగున్న రెండు గోడల రకమే తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా. మ్యాక్స్ గీత దాటి నింపితే మరిగే నీళ్ళు ముక్కులోంచి చిమ్ముతాయి. కంట్రోల్ ఎవరిదో తెలుసుకోవాలంటే కెటిల్‌ను బోర్లించి, అడుగు మధ్యనున్న గుండ్రటి ప్లాస్టిక్ కనెక్టర్ చూడండి. మామూలుగా తయారీదారు పేరు అక్కడే అచ్చుపోసి ఉంటుంది. అక్కడ ఏ పేరూ లేకపోతే అమ్మేవాణ్ణి అడగండి, చెప్పలేకపోతే ఇంకో మోడల్ చూడండి.