ఆరేళ్ల ఈటీసీకీపర్: ఆ రాత్రి తప్పెవరిదో చూపించింది

లినక్స్ సర్వర్ సెట్టింగ్ ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీని, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టే టూల్ ఈ ఈటీసీకీపర్. అడ్మిన్ పని చేసేవాళ్లకి తెలిసిందే కాబట్టి ఇన్‌స్టాల్ సంగతి వదిలేస్తున్నా. మా ఐదు ఉబుంటు సర్వర్లలో ఆరేళ్లుగా ఉంది. దాని మీద నాకున్న ప్రేమంతా ఒక్క రాత్రి వల్ల వచ్చింది.

పదకొండున్నరకి మా జూనియర్ ఫోన్. "అన్నా, ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టాను (ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేసే కమాండ్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లేవట్లేదు." గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. లాగ్ చూస్తే షేర్డ్ మెమరీ దొరకలేదంటోంది. అప్‌డేటే చెడగొట్టిందని ఇద్దరం గట్టిగా నమ్మి, గంటసేపు కుస్తీ పట్టి పాత ప్యాకేజీ వెనక్కి వేశాం, అయినా అదే ఎర్రర్. అప్పుడు పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ ఫైల్ మీద గిట్ లాగ్, అంటే దాని మార్పుల జాబితా తీశాను. ఏడు వారాల కిందటి కమిట్‌లో (గిట్‌లో నమోదైన మార్పు) షేర్డ్ బఫర్స్, అంటే పోస్ట్‌గ్రెస్ తనకోసం పట్టి ఉంచుకునే మెమరీ, 2 జీబీ నుంచి 16 జీబీ అయింది. ఆ మెషిన్‌లో ఉన్న ర్యామే 8 జీబీ! ఆ లైను పక్కనున్న 64 జీబీ సర్వర్ కోసం నేను రాసుకున్నది. రెండు టెర్మినల్స్ తెరిచి పెట్టుకుని తప్పు దాంట్లో పేస్ట్ చేశాను, పైగా రీస్టార్ట్ చేయకుండా, సెట్టింగ్స్ మళ్లీ చదివించే రీలోడ్ కొట్టి ఊరుకున్నాను. షేర్డ్ బఫర్స్ మార్పు రీస్టార్ట్ అయితే గానీ అమల్లోకి రాదు కదా, అందుకే అన్ని వారాలు పాత విలువతోనే నడిచి, అప్‌గ్రేడ్ రీస్టార్ట్ చేయగానే పడిపోయింది. పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్స్ చూపించే పీజీ సెట్టింగ్స్‌లో పెండింగ్ రీస్టార్ట్ అనే కాలమ్ ఒక్కసారి చూసి ఉంటే ఆ రోజే దొరికేది.

లైను సరిచేసి లేపడానికి రెండు నిమిషాలు పట్టలేదు. "తప్పు నాది, నీది కాదు" అని వాడికి వెంటనే చెప్పగలిగాను. ఏ లైను మారిందో చూపించిన ఆ డిఫ్ లేకపోతే నింద వాడి మీదే ఉండిపోయేది, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు ఒకలా అవుతుంది.

అంతకుముందు అందరితో "ఎవరు ఏం మార్చారో మొత్తం చెప్తుంది" అనేవాణ్ణి. మొత్తం చెప్పదు. ఆ కమిట్ ఈటీసీకీపర్ రోజూ దానంతటదే చేసే ఆటోకమిట్, పేరు రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) అని ఉంది. ఆ ట్యూనింగ్ చేస్తున్నది నేనొక్కణ్ణే కాబట్టి నాదని తేలింది. మన ఖాతా నుంచే రూట్ అధికారం ఇచ్చే సుడోతో, చేత్తో కమిట్ చేస్తే మన పేరు పడుతుంది, కారణం కూడా మనమే రాయాలి. ఇంకోటి, అదే మార్పు పోస్ట్‌గ్రెస్ లోపలి నుంచి ఆల్టర్ సిస్టమ్ కమాండ్‌తో చేసి ఉంటే అది డేటా డైరెక్టరీలోకి పోతుంది, ఈటీసీలో జాడే ఉండదు. పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలు, రిమోట్ లాగిన్‌లో సర్వర్‌ని గుర్తించే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా ఆ హిస్టరీలోకి చేరతాయి కాబట్టి ఆ గిట్ రిపోను బయట ఎక్కడికీ పుష్ చేయకండి (పంపకండి).

ఐదు సర్వర్లు, ఇద్దరు మనుషులు, చేత్తో ఎడిట్ చేసే అలవాటు, ఇదీ మా పరిస్థితి. మాకు మాత్రం ఇది లేకుండా కుదరదు. సర్వర్ల సెట్టింగ్స్ అన్నీ ఒకేచోటి నుంచి పెట్టే ఆన్సిబుల్ టూల్‌తోనే నడిపేవాళ్లకి ఇంత అవసరం పడకపోవచ్చు.