టీఎల్‌డీయా, ఓఎస్‌ఎల్‌డీయా: చెన్నై రేడియోథెరపీ విభాగానికి ఏది మేలు?

"మే నెల ఎండకి సిగ్నల్ కారిపోదా?" చెన్నైలో డోసిమీటర్లు (రేడియేషన్ మోతాదు కొలిచే చిన్న పరికరాలు) కొనబోయేవాళ్లు ముందు అడిగేది ఇదే. వీటిలో రేడియేషన్ తగిలితే ఎలక్ట్రాన్లు స్ఫటికంలోని 'ట్రాప్'లలో చిక్కుకుంటాయి. టీఎల్‌డీని వేడిచేసి, ఓఎస్‌ఎల్‌డీ మీద కాంతి వేసి వాటిని విడిపిస్తారు; అప్పుడు వచ్చే వెలుగే సిగ్నల్. కారుతుంది, అయితే అన్నిట్లో ఒకేలా కాదు. ట్రాప్ లోతు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే, 30 డిగ్రీల గదిలో కన్నా 40 డిగ్రీల గదిలో ఎలక్ట్రాన్లు దాదాపు మూడున్నర రెట్లు వేగంగా బయటపడతాయి. డోస్ లెక్కకు వాడే ట్రాప్‌లు ఇంకా లోతుగా ఉంటాయి కాబట్టి గది వేడికి అంతగా చలించవు. ఇబ్బంది పెట్టేవి పైపై ట్రాప్‌లు.

లిథియం ఫ్లోరైడ్–మెగ్నీషియం–టైటానియం టీఎల్‌డీ చిప్పుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఒకటో పీక్ (వేడిచేస్తుంటే వెలుగు ఎగిసే దశ; అంకె పెరిగేకొద్దీ ట్రాప్ లోతు) అర్ధాయువు సుమారు 10 నిమిషాలు, రెండోదానిది ఒక రోజు అటూఇటూ. ఐదో పీక్ దశాబ్దాలు నిలుస్తుంది. అందుకే చదివే ముందు 100 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఉంచి మొదటి రెండింటినీ తుడిచేస్తారు. ఇది చేస్తే ఏసీ ఆగిన గది గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు.

అసలు పరీక్ష ఓవెన్‌లో. ఈ చిప్పులకు 400 డిగ్రీల వద్ద గంట, తర్వాత 100 వద్ద రెండు గంటలు అనీలింగ్ (మళ్లీ వాడేందుకు పాత సిగ్నల్ చెరిపే వేడి). చల్లారే వేగం మారితే సున్నితత్వమూ మారుతుంది. ఒకరోజు తలుపు తెరిచి, ఇంకోరోజు మూసి చల్లారిస్తే పాత కాలిబ్రేషన్ పనికిరాదు. ఒకే అల్యూమినియం ట్రే, ఒకే పద్ధతి పాటించాలి. మధ్యలో కరెంటు పోతే మొత్తం మళ్లీ మొదటినుంచే. లిథియం ఫ్లోరైడ్‌లోనే మెగ్నీషియం–రాగి–ఫాస్ఫరస్ రకం చాలా రెట్లు సున్నితం. కానీ 240 డిగ్రీలు దాటిస్తే సున్నితత్వం పోతుంది. ఓవెన్ డిస్‌ప్లేని నమ్మకుండా, ట్రే మీద థర్మోకపుల్ పెట్టి చూసుకోండి.

మన సిబ్బంది బ్యాడ్జ్‌లోని కాల్షియం సల్ఫేట్–డిస్ప్రోసియం డిస్కుల సంగతి వేరు. వాటిలోని టెఫ్లాన్ 327 డిగ్రీలకే కరుగుతుంది గనుక వాటికి 400 పెట్టలేం. 230 వద్ద నాలుగు గంటలతో సరిపెడతారు. ఫేడింగ్ (సిగ్నల్ కారిపోవడం) తక్కువే. పరమాణు సంఖ్య ఎక్కువ కావడంతో తక్కువ శక్తి ఎక్స్‌రేలను బాగా ఎక్కువగా చూపిస్తాయి, అందుకే బ్యాడ్జ్‌లో ఫిల్టర్లు. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన బ్యాడ్జ్ ఫేడింగ్‌ని ఆఫీసు ఏసీలో పోల్చడానికి ఉంచిన కంట్రోల్ బ్యాడ్జ్ సరిదిద్దలేదు.

ఓఎస్‌ఎల్‌డీలో వాడే కార్బన్ కలిపిన అల్యూమినియం ఆక్సైడ్‌ని వేడిచేసి చదివితే థర్మల్ క్వెంచింగ్ ఎదురవుతుంది. హీటింగ్ రేటు పెంచితే పీక్ పై ఉష్ణోగ్రతకు జరుగుతుంది, అక్కడ వెలుగే తగ్గుతుంది. ఒకే డోస్‌కు వేర్వేరు అంకెలు. ఆకుపచ్చ కాంతితో గది ఉష్ణోగ్రతలోనే చదివితే ఈ గొడవ లేదు. అయితే రేడియేషన్ ఇచ్చాక కనీసం 10 నిమిషాలు ఆగాలి, పైపై ట్రాప్‌లు ఖాళీ కావాలి కదా. వెలుతురు తగలనివ్వకూడదు. కాంతితో చెరిపినా లోతు ట్రాప్‌లు నిండుతూనే ఉంటాయి; వాటిని ఖాళీ చేసే 900 డిగ్రీల వేడిని ప్లాస్టిక్ కవచం భరించదు. మొత్తం 10 గ్రేలు దాటాక డాట్ (ఓఎస్‌ఎల్‌డీ బిళ్ల) మార్చేయడం మంచిది.

రోగి మీద రోజువారీ కొలతలకు ఓఎస్‌ఎల్‌డీకే నా ఓటు: ఓవెన్ లేదు, పాడయ్యే దారులు తక్కువ. చిన్న రేడియేషన్ ఫీల్డులు, ఫాంటమ్ (రోగి శరీరానికి బదులు వాడే నమూనా) పనులు ఉండి, చల్లార్పుని ప్రోగ్రామ్ చేయగల ఓవెన్, దానికి యూపీఎస్ ఉంటే లిథియం ఫ్లోరైడ్ చిప్పులు తీసుకోండి. ఆ యూపీఎస్‌కి డబ్బు లేదంటే చిప్పులూ వద్దు.