మా గల్లీలో పెట్టించుకున్న సీసీ కెమెరాలు ఎలా ఉన్నాయంటే
నల్గొండలో మా గల్లీలో పోయిన వేసవిలో రెండిళ్ల తాళాలు పగలగొట్టాక, అరుగుల మీద ముచ్చట్లు పెట్టుకునేవాళ్లంతా ఏడింటికే గడియ వేసుకోవడం మొదలుపెట్టారు, పక్కింట్లో తాళంచెవి ఇచ్చి ఊరెళ్లే అలవాటు కూడా పోయింది. అందుకే ఇంటికింత వేసుకుని నాలుగు కెమెరాలు పెట్టించాం. బిగించడం శుభ్రంగా చేశారు, రాత్రిపూట బండి నంబరు కూడా కనిపిస్తుంది. వందమంది చేరే చోట్ల 2013 ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి కదా, మాకూ అంతే కావాలని అడిగితే చిన్న హార్డ్‌డిస్క్ పెట్టారు, వారానికే చెరిగిపోయేది! మూడుసార్లు ఫోన్ చేశాక మార్చారు, అది మాత్రం నచ్చలేదు. కరెంటు పోతే ఆగిపోతాయి, బ్యాకప్ తప్పకుండా అడగండి. మూలింటి అవ్వ మళ్లీ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.