నటుల దృశ్యాలు కామిక్ బొమ్మలుగా: చేతిగీతా, కంప్యూటర్ సాయమా?
నటులతో తీసిన దృశ్యంపై గీతలు దిద్ది బొమ్మగా మార్చే రోటోస్కోపింగ్‌కు మ్యాక్స్ ఫ్లైషర్ 1917లో పేటెంట్ పొందారు. దానికి నేడు రెండు దారులున్నాయి: ప్రతి బొమ్మనూ చేత్తో గీయడం, లేదా కొన్ని కీలక ఫ్రేములను గీసి, నడుమ గీతలను కంప్యూటర్‌కు వదిలేయడం.

మొదటిదానికి ఎ-హా బృందం 1985 నాటి పాట ‘టేక్ ఆన్ మీ’ వీడియోను మించిన పాఠం లేదు. అందులో కామిక్ పుటలోంచి కథానాయకుడి పెన్సిల్ గీతల చెయ్యి పైకి లేచి నిజమైన యువతిని లోనికి పిలుస్తుంది; లోపల ఒక చట్రం గుండా చూస్తే మనుషులుగానూ, దాని అంచు దాటగానే బొమ్మలుగానూ అదే జంట కనిపిస్తుంది. వరుస ఫ్రేముల్లో ఏ రెండు గీతలూ సరిగ్గా ఒకచోట పడవు కనుక బొమ్మ నిరంతరం వణుకుతూ ఉంటుంది, ఆ వణుకే రెండు లోకాల సరిహద్దును కంటికి చూపుతుంది. అయితే సెకనుకు 12 బొమ్మల చొప్పున వేసుకున్నా నిమిషానికి 720 గీయాలి.

రెండవ దారిలో, బాబ్ సబిస్టన్ రూపొందించిన రోటోషాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో 2006లో ‘ఎ స్కానర్ డార్క్లీ’ పూర్తి నిడివి చిత్రంగా వచ్చింది. గీతలు జారుతున్నట్టు కదులుతాయి, సుదీర్ఘ సంభాషణల్లోనూ ముఖం నిలకడగా ఉంటుంది. శ్రమ మాత్రం తక్కువేమీ కాదు. దాని యానిమేషన్‌కు ఏడాదికి పైగా పట్టింది.

మనిషీ బొమ్మా ఒకే షాట్‌లో కలవాలంటే నా ఓటు నిస్సందేహంగా చేతిగీతకే. కథంతా బొమ్మల్లోనే సాగాలంటే రెండవదే మేలు. ఏది ఎంచుకున్నా, చిత్రీకరణలోనే ఒక పక్కనుంచి గట్టి వెలుతురు వేసుకుంటే కామిక్‌కు కావలసిన నల్లని నీడలు ముందే ఏర్పడతాయి.