పదిహేడున్నర గంటలన్నారు, ముప్పై అయింది: అమెరికా టికెట్లు కొనేవాళ్లకు జాగ్రత్త

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర, గోడ నిండా విమానాల బొమ్మలు అంటించిన టికెట్ల దుకాణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు రాయను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న అక్క దగ్గరికి అమ్మానాన్నలను పంపడానికి అక్కడే టికెట్లు తీసుకున్నాను. నిన్న రాత్రి మన టైము 8 గంటలకు చేరారు. ఎలా చేరారో వినండి.

నేను అడిగింది ఒక్కటే. బెంగళూరులో ఎక్కాక మధ్యలో ఎక్కడా దింపకూడదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అమ్మకు షుగరు. "డైరెక్టే సార్" అంటూ ఆయన కాగితం మీద రాసి మరీ చూపించారు. మధ్యాహ్నం 2కు బయలుదేరడం, మర్నాడు ఉదయం 7:30కు దిగడం. పదిహేడున్నర గంటలు. దాదాపు 14,000 కిలోమీటర్ల దూరానికి ఆగకుండా వెళ్లినా పదిహేడు గంటల దాకా పడుతుందని నేనూ చదివి ఉన్నాను కాబట్టి లెక్క సరిపోయిందని మురిసిపోయాను. ఆ 7:30 అమెరికా గడియారానిదని, ఈ నెలల్లో అది మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుందని బుర్రకు తట్టలేదు. డిగ్రీలో నాది లెక్కలే లెండి.

మొన్న సాయంత్రం ఢిల్లీ నుంచి నాన్న ఫోను. "ఇక్కడ దింపేశారు నాయనా, ఇంకో విమానం తెల్లవారుజామున 4 గంటలకట." పదకొండు గంటలు ఆ కుర్చీల్లోనే. చక్రాల కుర్చీ కావాలని ముందుగా రాయించలేదు. అమ్మ చేసుకున్న ఓళిగలేమో పెద్ద పెట్టెలో సామానుతో పోయాయి. ఢిల్లీ పేరు టికెట్టు రెండో పేజీలో ఉంది. కవరులో పెట్టి ఇచ్చారని నేను విప్పనే లేదు.

ఈ ఉదయం దుకాణానికి వెళ్లి అడిగాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు. "డైరెక్ట్ అన్నాను గానీ నాన్‌స్టాప్ అన్నానా సార్? అమెరికాకు పంపేవాళ్లకు ఆ మాత్రం తేడా తెలియదా?" పక్కనున్న కుర్రవాడు కిసుక్కున నవ్వాడు. ముప్పై గంటలకన్నా ఆ నవ్వే ఎక్కువ మండిస్తోంది. నోట మాట రాక వచ్చేశాను.

ఇంటికొచ్చి వెతికితే తెలిసింది. డైరెక్ట్ అంటే మధ్యలో ఆగినా విమానం నంబరు ఒకటే ఉండాలట. మా టికెట్టులో రెండు నంబర్లున్నాయి. అంటే దబాయింపు కూడా తప్పుడు దబాయింపే! గడియార స్తంభం పక్కన కూర్చుని గంటలు లెక్కపెట్టడం రాదు పాపం.

కొనేముందు విమానం నంబర్లు ఎన్నో లెక్కపెట్టండి. ఎక్కే టైము, దిగే టైము కాదు, మొత్తం ప్రయాణ సమయం ఎంతో రాయించుకోండి. 'నాన్‌స్టాప్' అనే మాట ఆయన నోటితోనే అనిపించండి.

తిరుగు టికెట్లు కూడా ఆయన దగ్గరే కొన్నాను. ఆ కవరు ఇంకా విప్పలేదు.