మోకాలి నొప్పితో గోల్ఫ్: పాదం తిప్పాలా, మడమ ఎత్తాలా?

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి గోల్ఫ్ ఆడే పెద్దవాళ్లకు ఎక్కువగా ఎడమ మోకాలి దగ్గరే పేచీ వస్తుంది. కుడిచేతి వాటం వాళ్లు బంతిని కొట్టేటప్పుడు ఒంటి బరువు ఎడమ కాలి మీదికి వచ్చి, నడుము గిర్రున తిరుగుతుంది. పాదం నేలకు అతుక్కుపోతే ఆ మెలి మోకాలి మీదే పడుతుంది. గోల్ఫ్‌లో పెద్ద టోర్నీ అయిన 2008 యూఎస్ ఓపెన్‌ను టైగర్ వుడ్స్ గెలిచింది దెబ్బతిన్న ఎడమ మోకాలితోనే. ఆ వెంటనే సర్జరీ, మిగతా సీజన్ మొత్తం ఇంట్లోనే.

మొదటి దారి, ఎడమ పాదాన్ని ముందే లక్ష్యం వైపు 20 నుంచి 30 డిగ్రీలు తిప్పి నిలబడటం. కొట్టాక తుంటి తిరగడానికి చోటు దొరుకుతుంది, మెలి తగ్గుతుంది. కొట్టేముందు ఒళ్లు వెనక్కి తిరగడం మాత్రం కాస్త బిగుస్తుంది, బంతి దూరం తగ్గొచ్చు. తగ్గితే తగ్గనీ, మనమేం కప్పు కొట్టాలా!

రెండోది, క్లబ్ (గోల్ఫ్ కర్ర) వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమ లేపడం. పాతతరం గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అలాగే ఆడేవాడు. కుడి మోకాలో నడుమో పట్టేసినవాళ్లకు హాయిగా ఉంటుంది. కానీ కొట్టే సమయానికి మడమ మళ్లీ దిగాల్సిందే. ఎడమ మోకాలి అసలు కష్టం అలాగే ఉంటుంది.

అందుకే ఎడమ మోకాలు నొప్పైతే నా ఓటు పాదం తిప్పడానికే. కుడిదైతే మడమకు. రెండూ కలిపినా తప్పులేదు. మైపాడు బీచ్ ఇసుకలో ప్రాక్టీస్ మాత్రం వద్దు, పాదం కూరుకుపోతే తిరగదు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి.